నీళ్లు ఆగవు... లారీ ఆగుతుంది!

వెలుగోడు నుంచి చెన్నైకి రెండు దారులున్నాయి. ఒకటి నీళ్లది, రెండోది లారీలది. నీళ్ల దారి గురించి ఎన్నో ఒప్పందాలు రాసుకున్నారు, ఎంత నీరు పోయిందో లెక్క కడుతున్నారు. లారీ దారిలో మాత్రం ఓ మనిషి పోగొట్టుకునే గంటలను లెక్కబెట్టేవాళ్లే లేరు!

నల్లమల కొండల పడమటి అంచున, నంద్యాల నుంచి ఆత్మకూరు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది వెలుగోడు. ఆ పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది రిజర్వాయరే. దాదాపు 17 టీఎంసీలు పట్టే జలాశయం. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా వచ్చిన కృష్ణమ్మ ఇక్కడ కాస్త సేదతీరి తెలుగుగంగ కాలువలో మళ్లీ బయల్దేరుతుంది. బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి తమిళనాడులోని పూండి జలాశయానికి, అక్కడి నుంచి చెన్నై శివార్లలోని రెడ్‌హిల్స్ చెరువుకు చేరుతుంది. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇవ్వాలని 1976లో అనుకున్నారు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య ఒప్పందం కుదిరింది. 1996లో తొలిసారి కృష్ణా నీరు సరిహద్దు దాటింది.

ఇదే నీటితో ఇక్కడి పొలాల్లో వరి పండుతుంది. ఆ ధాన్యం నంద్యాల మిల్లుల్లో బియ్యమవుతుంది. కర్నూలు సోనా బియ్యానికి హైదరాబాద్‌లోనూ, బెంగళూరులోనూ, చెన్నైలోనూ గిరాకీ ఉంది. చెన్నై వెళ్లే లోడుకు రెడ్‌హిల్స్ పెద్ద మజిలీ. అక్కడ బియ్యం మిల్లులు, టోకు వ్యాపారులు ఎక్కువ. అంటే వెలుగోడు నీళ్లూ, ఆ నీళ్లతో పండిన బియ్యమూ చివరికి చేరేది ఒకచోటికే!

నంద్యాల నుంచి చెన్నై సుమారు 400 కిలోమీటర్లు. ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, కడప. అక్కడి నుంచి రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, నగరి. ఆపైన తమిళనాడు. రోడ్డు బాగుంటే పది పన్నెండు గంటల దారి. మరి డ్రైవరు ఇల్లు వదిలి తిరిగి రావడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం ఎందుకు పడుతుంది? లారీ డ్రైవర్ల కష్టమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

కాటా దగ్గరే మొదలు

డ్రైవరు పని స్టీరింగు పట్టుకున్నాక మొదలవుతుందని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి అది ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందున్న బల్ల మీదే మొదలవుతుంది. ఖాళీ బండి పెట్టుకుని లోడు కోసం కూర్చోవాలి. బ్రోకరు నుంచి ఫోను రావాలి. పొద్దున అడిగితే సాయంత్రం అంటాడు. సాయంత్రం అడిగితే ‘రేపు చూద్దాంలే అన్నా’ అంటాడు. కిరాయి కుదిరాక మిల్లు దగ్గర వరస. ముందు వచ్చిన బండ్లకు ఎత్తాలి, హమాలీలు భోజనానికి వెళ్లి రావాలి, వాన పడితే ఆగాలి. లోడెత్తాక కాటా. ఆ తర్వాత పట్ట కప్పి తాళ్లు బిగించాలి. ఇంత చేసేసరికి పొద్దు గూకుతుంది. అప్పటికే పన్నెండు గంటలు మెలకువగా ఉన్న మనిషి రాత్రి ప్రయాణానికి సిద్ధమవుతాడు.

కాటా చీటీ చిన్న కాగితమే. కానీ డ్రైవరు గుండె దాని మీదే కొట్టుకుంటుంది. పది టైర్ల లారీ బండి బరువుతో కలిపి 25 టన్నులు దాటకూడదని ఒకప్పటి నిబంధన. 2018లో కేంద్రం దాన్ని 28.5 టన్నులకు పెంచింది. అయినా కిరాయి గిట్టుబాటు కాదని ఇంకో టన్ను వేసేవాళ్లున్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20 వేల రూపాయల జరిమానా, ఎక్కువున్న ప్రతి టన్నుకూ మరో 2 వేలు. లోడు వేయించేది ఒకరు, లాభం చూసుకునేది ఇంకొకరు. రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడేది మాత్రం డ్రైవరు.

ఆళ్లగడ్డ దాటితే...

రాత్రి వేళ ఆళ్లగడ్డ దాటిన లారీకి ముందున్నదంతా పొడవాటి చీకటి. టీ కొట్టు దగ్గర ఆగి మొహం కడుక్కోవడం, రెండు టైర్ల మీద కర్రతో కొట్టి గాలి చూసుకోవడం, మళ్లీ ఎక్కడం. కడప దాటాక శేషాచలం అడవుల పక్క నుంచి రోడ్డు సాగుతుంది. ఎర్రచందనం దొంగ రవాణాకు పేరుపడ్డ ప్రాంతం కాబట్టి తనిఖీలు తప్పవు. బియ్యం బస్తాలే అయినా ఆపమంటే ఆపాలి, పట్ట విప్పమంటే విప్పాలి. విప్పింది మళ్లీ కట్టడానికి అరగంట.

వెనకటితో పోలిస్తే కొన్ని కష్టాలు తగ్గిన మాట వాస్తవం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. కాగితాలు పట్టుకుని కిటికీల ముందు నిలబడే రాత్రులు పోయాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోల్‌గేట్ల దగ్గర చిల్లర గొడవలు లేవు. అయితే కొత్త గడియారాలు వచ్చిపడ్డాయి. బేతంచర్ల బండలో, కొలిమిగుండ్ల సిమెంటో వేసుకుంటే ఈ-వే బిల్లు ఉండాలి. 2021 జనవరి నుంచి దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. దారిలో బండి చెడిపోయినా, ముందు ప్రమాదం జరిగి రోడ్డు మూసుకుపోయినా ఆ గడువు కరుగుతూనే ఉంటుంది. సకాలంలో పొడిగించుకోకపోతే మళ్లీ తంటా.

తూర్పు వైపు, గుంటూరు దారి పట్టిన లారీలది మరో కథ. గాజులపల్లె దాటగానే నల్లమల ఘాట్. గిద్దలూరు వైపు దిగేదాకా మలుపులే. లోడుతో ఉన్న ఒక్క బండి మలుపులో మొరాయించిందా, రెండు వైపులా వరస కట్టాల్సిందే. అడవిలో తిండి దొరకదు. చేతిలో నీళ్ల సీసా, క్యాబిన్‌లో దేవుడి పటం... అంతే తోడు.

ఊరి బయట పగలంతా

తెల్లారేసరికి నగరం పొలిమేర వస్తుంది. హమ్మయ్య అనుకోవడానికి లేదు. పెద్ద నగరాల్లో పగటి పూట భారీ వాహనాలను రోడ్ల మీదికి రానివ్వరు. రాత్రయ్యేదాకా ఊరి బయటే ఉండాలి. శివారులోనే దించేదైతే ఆ బెడద లేదుగానీ, అక్కడా వరస తప్పదు. ముందు పది బండ్లుంటే ఆ పది దించాకే తన వంతు.

రాత్రంతా నడిపిన మనిషికి ఆ పగలు నిద్రపోవాలి కదా! ఎండకు ఇనప క్యాబిన్ పెనంలా కాలుతుంటుంది. బండి కింద చాప వేసుకుంటే దోమలు, దుమ్ము. గాఢంగా నిద్రపోతే డీజిలు ట్యాంకు ఖాళీ అవుతుందేమోనని, స్టెప్నీ మాయమవుతుందేమోనని భయం. స్నానానికి, కాలకృత్యాలకు ఎక్కడికెళ్లాలన్నది మరో చిక్కు. ఇలా సగం నిద్రతోనే మళ్లీ రాత్రి స్టీరింగు ముందు కూర్చుంటాడు. 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క చెప్పింది. ప్రమాదం జరిగిన మర్నాడు ‘డ్రైవరు నిద్రమత్తు’ అని రెండు ముక్కలు చదివి పేజీ తిప్పేస్తాం. ఆ నిద్ర ఎక్కడ పోయిందో ఎవరూ అడగరు.

సరుకు దించడం ఆలస్యమైతే బండికి ‘హాల్టింగ్’ ఇవ్వడం ఆనవాయితీ. అయితే అది చాలాసార్లు బేరంగానే మిగిలిపోతుంది. ఇచ్చినా ముందు చేరేది యజమానికి. ట్రిప్పు లెక్కన జీతం తీసుకునే డ్రైవరుకు ఆగిన రోజంటే కూలి లేని రోజు. భత్తా డబ్బులు మాత్రం తిండికీ టీలకూ కరిగిపోతుంటాయి.

యజమాని కూడా కోటీశ్వరుడేం కాదు. అప్పు చేసి ఒకట్రెండు బండ్లు కొన్నవాళ్లే ఎక్కువ. నెల తిరిగేసరికి ఫైనాన్సు కంతు కట్టాలి. టైర్లు, బీమా, ఫిట్‌నెస్ సరేసరి. 2017 జూన్ నుంచి డీజిలు ధర రోజువారీగా మారే పద్ధతి వచ్చింది. కిరాయి మాత్రం రోజూ మారదు. పొరుగు రాష్ట్రంలో లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువని సరిహద్దు దాటాకే ట్యాంకు నింపించడం అందుకే. ఇక రిటర్న్ లోడు! ఖాళీగా వస్తే డీజిలు నష్టం, లోడు కోసం ఆగితే రోజులు నష్టం. ఈ రెండు నష్టాల్లో ఏది చిన్నదో లెక్కేసుకుంటూ రెండు రోజులు గడిచిపోతాయి.

క్లీనరు ఏమయ్యాడు?

పాత రోజుల్లో లారీ అంటే ఇద్దరు మనుషులు. డ్రైవరు పక్కన క్లీనరు ఉండేవాడు. బండి తుడిచి, అన్నం వండి, వెనక్కి తీసేటప్పుడు ‘రైట్... రైట్’ అని అరిచి, నాలుగేళ్లలో తానే డ్రైవరయ్యేవాడు. అదే వాళ్ల బడి. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా బండ్లలో ఆ సీటు ఖాళీ అయింది. దాంతో రాత్రిపూట మాట్లాడే తోడూ పోయింది, రేపటి డ్రైవరూ తయారు కావడం లేదు. రవాణా వాహనం లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. అయినా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లు తక్కువే. తండ్రి బతుకు చూసిన కొడుకు ఆటోనో, ఊళ్లో ట్రాక్టరో నడుపుతానంటాడు గానీ లారీ ఎక్కనంటాడు. డ్రైవరంటే పిల్లనివ్వడానికి వెనకాడే ఇళ్లూ ఉన్నాయి.

ఇంటి దగ్గర ఎదురుచూపులది ఇంకో లెక్క. ‘నాయనా, యాడికొచ్చినావు?’ అని ఫోన్లో పిల్లలు అడిగితే చెప్పడానికి ఊరి పేరుంటుంది గానీ వచ్చే రోజు ఉండదు. ఉగాదికి వస్తానన్నవాడు మర్నాడొస్తాడు. రంజాన్ సేమియాలు చల్లారిపోతాయి. బడిలో సంతకం పెట్టాలన్నా, బ్యాంకుకు వెళ్లాలన్నా, ముసలివాళ్లను నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా అన్నీ ఇల్లాలే. రాత్రి ఫోను మోగితే ఆమె గుండె ఆగినంత పనవుతుంది.

చట్టం చెప్పిన ఎనిమిది గంటలు

డ్రైవరు పనికి కొలత లేదనుకుంటే పొరపాటు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది. దూర ప్రయాణాలకు పది గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. అయిదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో ఆ చట్టం కలిసిపోయింది. కానీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బల్ల మీదా, మిల్లు గేటు ముందూ ఈ గంటలను ఎవరు లెక్కబెట్టారు?

శిక్ష విషయంలో మాత్రం లెక్క పక్కాగా ఉంది. ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా పారిపోయి, మనిషి చనిపోతే పదేళ్ల దాకా జైలని భారతీయ న్యాయ సంహితలో రాశారు. 2024 జనవరి 1 నుంచి చాలా రాష్ట్రాల్లో లారీలు ఆగిపోయాయి. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. అప్పుడుగానీ డ్రైవరనే మనిషి అందరికీ గుర్తుకు రాలేదు. ఆగితే జనం కొట్టి చంపుతారు, ఆగకపోతే జైలు... ఏం చేయాలన్నది వాళ్ల ప్రశ్న. కేంద్రం వెనక్కి తగ్గింది. 2024 జులై 1న కొత్త చట్టం వచ్చినా ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టారు.

మంచి మార్పులూ కొన్ని కనిపిస్తున్నాయి. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. హైవేల పక్కన కొన్ని పెట్రోలు బంకుల్లో ‘అప్నా ఘర్’ పేరుతో డ్రైవర్లకు మంచాలు, స్నానాల గదులు ఏర్పాటు చేస్తున్నారు. అయితే పాత బండ్ల మీదే బతికే చిన్న ఊళ్లకు ఏసీ క్యాబిన్ రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా చేయగలిగినవి లేకపోలేదు. సరుకు దించే చోట నాలుగు మంచాలు, ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి. బండి గేటు లోపలికొచ్చిన వేళ, బయటికెళ్లిన వేళ చీటీ మీద రాసే అలవాటు. ఆగిన గంటలకు డ్రైవరు చేతికే అందే కూలి.

వీటికి ఆనకట్టలు కట్టక్కర్లేదు, రాష్ట్రాలు ఒప్పందాలు రాసుకోనక్కర్లేదు. చెన్నైకి వెళ్లే ప్రతి టీఎంసీకీ లెక్క రాసుకుంటున్నాం. ఆ దారినే బియ్యం మోసుకెళ్లే మనిషి నిద్రకు కూడా ఓ లెక్క రాస్తే, మన వంటింటికొచ్చే బస్తాతో పాటు అతనూ క్షేమంగా ఇల్లు చేరతాడు.