పోటుకి గాటని రాస్తే

పోయిన భాగంలో మా చిన్నాన్న కేసు సంగతి చెప్తానన్నాను. ముందు ఆయన చెప్పు గురించి చెప్పాలి.

కుడికాలి చెప్పు నిలవదు. నడుస్తుంటే పాదం పైకి లేవదు, మునివేళ్లు నేలకు రాసుకుంటాయి. మడమ వెనక గుడ్డపీలిక కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తాడు. 2022లో, మిగిలిన కూలి డబ్బులు అడిగినందుకు కులం పేరు పెట్టి తిట్టి బరిసెతో పొడిచారు. మోకాలి కింద, బయటివైపు. పైకి కనపడేది అంగుళం గాయం. మూడు కుట్లు. రక్తం కూడా పెద్దగా పోలేదు.

వారం తర్వాత గాయాల సర్టిఫికెట్ నకలు తెచ్చుకుంటే నేనే చదివి వినిపించాను. ‘ఇన్‌సైజ్డ్ వూండ్, అంగుళం పొడవు, సింపుల్.’ లోతు దగ్గర ఖాళీ. సింపులంట అనగానే పిన్ని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ నాది. కావ్యాల్లో యుద్ధ వర్ణనల మీద గంటసేపు పాఠం చెప్పగలను. ఆ ఒక్క మాటను బట్టి సెక్షన్ మారిపోతుందని మాత్రం తెలీదు.

మా పల్లెలో పోటు వేరు, గాటు వేరు. అంచు కోసుకుంటూ పోతే గాటు, మొన లోపలికి దిగితే పోటు. ఫోరెన్సిక్ పుస్తకాలు తిరగేస్తే వాటిలోనూ అంతే ఉంది. లోతు కంటే పొడవు ఎక్కువైతే ఇన్‌సైజ్డ్, పొడవు కంటే లోతు ఎక్కువైతే స్టాబ్. కర్ర దెబ్బకు చర్మం చిట్లితే లాసరేషన్. దాని అంచులు నలిగి ఉంటాయి, లోపల సన్నని పోగులు తెగకుండా మిగులుతాయి. తలమీద చిట్లితే అచ్చం కత్తిగాటులాగే కనపడుతుంది. సాక్షి ‘నరికాడు’ అని, కాగితం ‘లాసరేషన్’ అని చెప్తే డిఫెన్స్ లాయరుకు అంతకంటే ఏం కావాలి?

చిన్నాన్నది పోటు. గాటని రాశారు. దాంతో లోతు గురించి అడిగేవాడే లేకుండా పోయాడు.

డ్యూటీ డాక్టరు గాయంలో పుల్ల పెట్టి కొలవలేదని నేను తప్పు పట్టను. కొలవకూడదు, ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. కానీ అభిప్రాయం తర్వాత ఇస్తామని రాసి ఆపొచ్చు. అక్కడ ఫిబులా అనే సన్నెముక మెడను చుట్టుకుని కామన్ పెరోనియల్ నరం దాదాపు చర్మం కిందనే పోతుంది. పాదాన్ని పైకి లేపేది అదే. ‘పాదం పైకెత్తు’ అని ఒక్కసారి అడిగితే పది సెకన్ల పని.

నరానికి తగిలే దెబ్బలకు హెర్బర్ట్ సెడన్ 1943లో మూడు పేర్లు వాడాడు. నరం తెగకుండా మొద్దుబారితే న్యూరాప్రాక్సియా, వారాల్లో కోలుకుంటుంది. పైతొడుగు నిలిచి లోపలి తీగ తెగితే యాక్సనోట్మెసిస్, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. మొత్తం తెగిపోతే న్యూరోట్మెసిస్, దాన్ని కుట్టాలి, అదీ తొందరగా. ఈ మూడో మాట మేం విన్నది ఐదు నెలల తర్వాత, వేరే ఊళ్లో నరాల డాక్టరు దగ్గర.

చట్టంలో సింపుల్ అంటే నొప్పి తక్కువని కాదు, గ్రీవియస్ కాదని. ఐపీసీ 320లో గ్రీవియస్‌కు ఎనిమిది రకాలు చెప్పారు. అవయవం శక్తి శాశ్వతంగా దెబ్బతినడం అందులో ఐదోది. ఇరవై రోజులు రోజువారీ పని చేసుకోలేకపోయినా గ్రీవియసే (కొత్త న్యాయ సంహితలో అది పదిహేను రోజులు). ఆయుధంతో సింపుల్ గాయం చేస్తే సెక్షన్ 324, మూడేళ్ల దాకా శిక్ష. గ్రీవియస్ అయితే 326, పదేళ్లు లేదా యావజ్జీవం. పదేళ్ల నేరమైతేనే అట్రాసిటీ చట్టం 3(2)(v) తలుపు తెరుచుకుంటుంది. అంగుళం గాయం వెనక ఇంత ఉంది.

విద్యార్థి మిత్రులు ఎవరైనా బాధితుల వెంట ఆసుపత్రికి వెళ్తే డాక్టరుతో గొడవకు దిగకండి. వేళ్లు కదులుతున్నాయా, స్పర్శ తెలుస్తోందా, పాదం, చెయ్యి లేస్తున్నాయా చూడమని అడగండి. లేవకపోతే ఆ మాట కాగితం మీద పడేదాకా అక్కడే నిలబడండి. ఎన్ని రోజులు పనికి పోలేదో తేదీలతో రాసుకోండి. మేం రాసుకోలేదు.

నరాల డాక్టరు రిపోర్టు జతచేసి సెక్షన్ మార్చమని పిటిషన్ వేశాం. వాయిదాల మీద వాయిదాలు. మొన్న కోర్టు మెట్ల దగ్గర చిన్నాన్న వంగి పీలిక బిగించుకుంటూ అడిగాడు:

“ఒరే పెద్దోడా, ఈసారి కాయితంలో నా పాదం ఉందా?”