గాలిమరల దేశంలో సైకిలు మీద

సైకిలంటే మన ఇళ్ళల్లో పిల్లలు పదో తరగతి దాటేదాకా బడికి వెళ్ళడానికి పనికొచ్చే వస్తువు. ఆ తర్వాత మెట్ల కింద దుమ్ము కొట్టుకుంటూ పడుంటుంది. యూరప్‌లోని నెదర్లాండ్స్‌లో మాత్రం సైకిలే ఇంటి బండి. మనం చిన్నప్పుడు హాలండ్ అని చదువుకున్నామే, ఆ దేశమే. అక్కడ జనం 1 కోటీ 80 లక్షలైతే సైకిళ్ళు 2 కోట్ల పైమాటే! 2010 నుంచి 2024 దాకా ప్రధానిగా చేసిన మార్క్ రుటె కూడా ఆఫీసుకి సైకిలు మీద వెళ్ళేవారట.

మా చెల్లెలు కాపురం అక్కడి లైడెన్ ఊళ్ళో. క్రితం ఏడాది ఏప్రిల్లో నెల్లాళ్ళు ఉండి వచ్చాను. వెళ్ళిన మూడో రోజే "అక్కా, రేపు మనిద్దరం సైకిళ్ళ మీద పూలతోటలు చూసొద్దాం" అంది. "ఈ వయసులో నాకు సైకిలేమిటే, నలుగురూ నవ్విపోతారు" అన్నాను. అది నవ్వి కిటికీలోంచి చూడమంది. డెబ్భై ఏళ్ళు దాటిన ఒకావిడ కూరగాయల సంచీ వెనక కట్టుకుని నిటారుగా కూర్చుని తొక్కుకుంటూ పోతోంది. ఇంక నేనేం మాట్లాడను?

అక్కడి లేడీస్ సైకిళ్ళకి మధ్యలో అడ్డకడ్డీ ఉండదు. చైనుకి నిండా కవరుంటుంది కాబట్టి చున్నీ, సల్వారు ఇరుక్కుంటాయన్న భయం లేదు. చాలావాటికి చేతి బ్రేకు బదులు పెడలు వెనక్కి తొక్కితే బండి ఆగుతుంది. ఇది అలవాటయ్యేదాకా ఇంటి ముందు నాలుగు చుట్లు తిరగడం మంచిది.

తులిప్ పూల దారి

లైడెన్ నుంచి లిస్సె మీదుగా హార్లెమ్ ఊరికి సుమారు 30, 35 కిలోమీటర్లు. మధ్యమధ్య ఆగుతూ పోతే ఒక రోజు ప్రయాణం. ఏప్రిల్లో ఆ దారికి రెండువైపులా ఎరుపు, పసుపు, ఊదా రంగుల్లో పొలాలు చీరలారేసినట్టుంటాయి. లిస్సెలోనే క్యూకెన్‌హాఫ్ అనే పెద్ద పూలతోట ఉంది. మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా మాత్రమే తెరుస్తారు.

చెప్పొద్దూ, పూలు విరబూశాక తలలు కోసి పారేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. అడిగితే, రైతుకి డబ్బు పూలతో కాదు, కింద ఉల్లిపాయలా ఉండే దుంపతోనట. పువ్వు తీసేస్తే బలమంతా దుంపకి పోతుందన్నమాట. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో, తిండి దొరక్క జనం ఈ తులిప్ దుంపలే ఉడకేసుకుని తిన్నారు. ఆ మాట విన్నాక ఆ పొలాలు నాకు ఇంకోలా కనిపించాయి.

గాలిమరల గట్టు

ఆ దేశంలో నాలుగోవంతు నేల సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. నీళ్ళు తోడిపోయకపోతే మునిగిపోతుంది. ఆ పని వందల ఏళ్ళు చేసినవి గాలిమరలే. రోటర్‌డామ్ దగ్గర కిండర్‌డైక్‌లో 19 గాలిమరలున్నాయి. చాలా వరకు 1740 ప్రాంతంలో కట్టినవి. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రోటర్‌డామ్ నుంచి పడవలో సైకిలుతో సహా వెళ్ళొచ్చు. దిగాక కాలవగట్టు మీద సైకిలు దారి. చాలా మరల్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. కిటికీలకి తెరలు, బయట ఆరేసిన బట్టలు చూస్తే మన ఇళ్ళే గుర్తొస్తాయి.

అడవిలో తెల్ల సైకిళ్ళు

మూడోది హోగె వెలువె అడవి. లోపలికి టిక్కెట్టు కొంటే చాలు, అక్కడ వరుసగా నిలబెట్టిన తెల్ల సైకిళ్ళలో ఏదైనా తీసుకుని తిరగొచ్చు. దానికి వేరే డబ్బు ఇవ్వక్కర్లేదు. అడవి మధ్యలో క్రోలర్-ముల్లర్ మ్యూజియం ఉంది. హెలెన్ అనే ఇల్లాలు ఇష్టంగా సేకరించిన బొమ్మలతో 1938లో తెరిచారు. వాన్ గో వేసిన చిత్రాలు ఆమ్‌స్టర్‌డామ్ తర్వాత అంత ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

నంబర్లు చదవగలిగితే చాలు

భాష రాదు, దారి తప్పితే ఎలా అనుకుంటున్నారా? సైకిలు దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరు ఉంటుంది. అక్కడ ఆ ప్రాంతం పటం కూడా పెడతారు. బయల్దేరేముందు మనం వెళ్ళే దారిలోని నంబర్లు వరసగా చీటీ మీద రాసుకుని, బాణం గుర్తుల వెంట పోవడమే. 1995లో పక్కనున్న బెల్జియంలో ఒక గనుల ఇంజనీరుకి వచ్చిన ఆలోచనట ఇది.

ఆ చీటీ పట్టుకునే, పదిహేనో రోజున నేనొక్కదాన్నీ బయల్దేరి 12 కిలోమీటర్లు తిరిగొచ్చాను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఎవరూ తోడు లేకుండా, ఏ పనీ లేకుండా, చూడ్డానికని బయటికెళ్ళడం అదే మొదలు.

తల్లులు సాధించిన దారులు

ఈ దారులు ఆ దేశంలో మొదట్నుంచీ లేవు. యుద్ధం తర్వాత కార్లు పెరిగి సైకిళ్ళు మూలపడ్డాయి. 1971లో ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 3 వేల మందికి పైగా చనిపోతే, అందులో 400 మందికి పైగా పిల్లలు. అప్పుడు "పిల్లల హత్యలు ఆపండి" అని ఒక ఉద్యమం లేచింది. దాని మొదటి అధ్యక్షురాలు మార్తె వాన్ పుటెన్, అప్పటికి చిన్న వయసు తల్లి. పిల్లలతో వీధులకి అడ్డం కూర్చుని, అక్కడే ఆటలాడించారట. 1973లో పెట్రోలు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్లంటే ఏమిటో అందరికీ తెలిసొచ్చింది. ఆ తర్వాతే ప్రభుత్వం సైకిళ్ళకి వేరే దారులు, వేరే సిగ్నళ్ళు పెడుతూ వచ్చింది. మన వీధుల్లో ఆడపిల్లని సైకిలిచ్చి పంపాలంటే మన గుండె పీచుపీచుమంటుంది కదా! ఆ తల్లుల గుండే ఇది.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు

* అక్కడ బండ్లన్నీ కుడివైపున నడుస్తాయి. మలుపు తిరిగేముందు చెయ్యి చాపాలి. చీకటిపడితే లైటు తప్పనిసరి.
* నేల చదునే గానీ ఎదురుగాలి జాస్తి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురెళ్తే వచ్చేటప్పుడు హాయి. వానకోటు ఎప్పుడూ దగ్గరుండాలి.
* రైల్లో సైకిలుకి వేరే టిక్కెట్టు. మామూలు రోజుల్లో పొద్దున, సాయంత్రం ఆఫీసు వేళల్లో ఎక్కనివ్వరు.
* శాకాహారులు బఠానీ సూపు జోలికి పోవద్దు, అందులో పంది మాంసం వేస్తారు. పోఫర్చెస్ అని అచ్చం మన గుంత పొంగణాల్లాంటివి వెన్న, పంచదార పొడి చల్లి ఇస్తారు. గుడ్డు పడేవాళ్ళకి బాగుంటాయి. మేం మాత్రం పులిహోర కట్టుకెళ్ళాం.

మన పిల్లలు ఇప్పుడు చాలామంది ఆ దేశాల్లో ఉంటున్నారు. పురుడు పొయ్యడానికో, మనవల్ని చూసుకోవడానికో మనం వెళ్తున్నాం. వెళ్ళినవాళ్ళు ఆర్నెల్లూ వంటింట్లోనే ఉండి, శనివారం ఎవరో కారెక్కించుకుంటే తప్ప గడప దాటకుండా వచ్చేస్తున్నారు. కుక్కరు దించాక ఒక గంట మీ కోసం ఉంచుకోండి. అమ్మాయిని ఒక సైకిలు ఇప్పించమని అడగండి. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళే కదా ఏదైనా!