తిలక్ స్టేడియం మెట్ల మీద

నాకు ఆటలు రావు. ఈ మాట చెప్పుకొనడానికి కొంతకాలం గర్వపడ్డాను కూడా. ఎం.ఏ. చదివినవానికి బంతితో ఏమి పని? అందువల్లనే, ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు బెల్లంపల్లిలో ఫుట్‌బాల్ పోటీలకు వెళ్ళాలి, మూడు రోజులు సెలవు ఇప్పించండని కోరినప్పుడు, తరగతి అందరి ఎదుట "నీకు చదువు కావాలా, బంతి కావాలా?" అని అడిగాను. అతడు తల వంచుకొని కూర్చున్నాడు. మరునాటి నుండి తరగతికి రాలేదు.

ఆ ఆదివారమే మా ఖాలాను చూడడానికి కరీంనగరు నుండి పెద్దపల్లికి బస్సులో, అక్కడి నుండి రైలులో బెల్లంపల్లి చేరాను. సాయంత్రం వీధిలో నడుస్తుండగా పెద్ద కేక వినబడింది. కేక వెంట పోగా తిలక్ స్టేడియం.

బొగ్గుగనులతో పెరిగిన ఊరు అది. చుట్టూ ఉండిన బాయిలు చాలావరకు మూతపడ్డవి గాని ఆట మూతపడలేదు. టికెట్టు లేదు, అడిగేవాడు లేడు. మెట్ల మీద నా పక్కన పనినుండి దిగిపోయిన వృద్ధుడొకడు కూర్చున్నాడు. ఏ జట్టు మీదని అడిగితే నవ్వాడు.

"ఏ జట్టయితేంది సారూ! పొద్దంతా బాయిల చీకట్ల ఉంటుంటిమి. పైకొచ్చి ఎలుతురుల బంతి ఎగురంగ చూస్తే పానం నిమ్మళమయ్యేది. గా అలవాటు పోలే."

అమెరికాలో పెద్ద లీగులతో సంబంధంలేని బేస్‌బాల్ జట్లు చిన్న పట్టణాలలో ఆడుతాయని, జనం ఇంటిల్లిపాదీ పోయి చూస్తారని ఎక్కడో చదివి వింతపడ్డాను. ఆ వింత మా జిల్లాల్లోనే ఉన్నదని నాకు తెలియదు!

మా విద్యార్థి కొరకు మైదానమంతా వెదికాను. అతడు ఆడడంలేదు. గీత బయట కూర్చొని విరామంలో నిమ్మచెక్కలు పంచుతున్నాడు. ఆట ముగిసేవరకు అతనికి పిలుపు రాలేదు. అయినా గోలు పడినప్పుడు అందరికంటె ముందు లేచి గంతులు వేసినవాడు అతడే. నన్ను చూచి ఒక్కసారి స్తంభించాడు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగవ స్థానానికి, 1962లో జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణపతకానికి నడిపిన హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడే. ఈ సంగతి నేనే క్లాసులో గొప్పగా చెప్పి ఉన్నాను. తిరుగు రైలులో అది గుర్తువచ్చి సిగ్గుపడ్డాను.

సోమవారం హాజరు పిలిచాను. ఆ మూడు రోజుల గైర్హాజరును దిద్దలేదు; నియమం నియమమే. కాని అతని సంఖ్య రాగానే పుస్తకం మూసి, అందరి ఎదుటనే, మళ్ళీ ఆట ఎప్పుడని అడిగాను.

"వచ్చే నెల గోదావరిఖనిలో సార్," అన్నాడు. "ఈసారి ఆడిస్తరేమో."