గడ్డకు ఇరుగూ పొరుగూ

"ఉన్నది ఒక్క గడ్డేగా! కోసి తీసేయొచ్చు కదండీ?" డాక్టరుగారిని కాస్త గట్టిగానే అడిగాను.

మావయ్య బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మిర్చి రైతు. చుక్క మందు ముట్టని మనిషి. ఎప్పుడో ఒంట్లో చేరిన హెపటైటిస్-బి వైరస్ ఇన్నేళ్లూ చప్పుడు చేయకుండా పని కానిచ్చేసింది.

"చిక్కు గడ్డతో కాదమ్మా, దాని చుట్టూ ఉన్న లివర్‌తో. ఆపరేషన్‌కి తట్టుకోలేదు" అన్నారాయన.

కోపం తగ్గలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

కాలేయంలో నక్షత్రాకారపు కణాలు కొన్ని ఉంటాయి. 1876లో వాటిని మొదట వర్ణించిన కుప్ఫర్ ఆ పేరే పెట్టాడు. మామూలు రోజుల్లో అవి విటమిన్-ఎ దాచిపెడతాయి. మన ఒంట్లోని ఆ విటమిన్‌లో ఎక్కువ భాగం వాటి దగ్గరే ఉంటుంది. పోపులడబ్బాలో డబ్బులు దాచే అమ్మమ్మల్లాంటివన్నమాట! కాలేయానికి దెబ్బ తగిలితే మాత్రం ఆ దాచినదంతా వదిలేసి, గాయం మాన్పడానికి కొలాజెన్ పీచు అల్లుతాయి. ఒకసారికైతే మేలే. ఏళ్ల తరబడి దెబ్బ తగులుతూనే ఉంటే అల్లికా ఆగదు. మెత్తటి కాలేయం గట్టిపడిపోతుంది. అదే సిరోసిస్. కాలేయ క్యాన్సర్లలో అత్యధికం ఇలాంటి చోటే మొదలవుతాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. మాన్పడానికి వచ్చిన ఆ కణాలే గడ్డ పెరగడానికి కావలసిన రసాయనాలు అందిస్తాయి. దానికి కొత్త రక్తనాళాలు వేయిస్తాయి. రోగనిరోధక కణాలకు అడ్డుపడతాయి. పోనీ వాటన్నిటినీ చంపేస్తే? అదీ కుదరదు. ఇంకా నిమ్మళంగా ఉన్న నక్షత్ర కణాలు కాలేయాన్ని కాపాడుతున్నాయనీ, పీచు అల్లే బాట పట్టినవే క్యాన్సర్‌కు కొమ్ముకాస్తున్నాయనీ 2022లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. అది ఎక్కువగా ఎలుకల మీద చేసింది. మనుషులకు పనికొచ్చే మందుగా మారడానికి ఎన్నేళ్లు పడుతుందో మరి.

ఇదంతా మావయ్యకు నాకు చేతనైనట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే కలుపు పీకితే చాలదు, చేనే కలుపు వైపు తిరిగిందంటావు" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆయనకు ఈ వైరస్ పుట్టినప్పుడే అమ్మమ్మ నుంచి వచ్చి ఉండొచ్చని డాక్టరుగారి అనుమానం. అమ్మ ఆయనకు సొంత అక్క. సోమవారం అమ్మా నేనూ రక్తపరీక్షకు వెళ్తున్నాం. మావయ్య పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ అమ్మ ఏదో పని పెట్టుకుని వాయిదా వేస్తుంది. వినకు."