వాకిలి, బీరువా

పాస్‌వర్డ్ అనేది వణకని చేతుల కోసం పుట్టిన వస్తువు. 1960ల మొదట్లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలని పాస్‌వర్డ్ పెట్టారు. వాకాడులో మా నాయన కంప్యూటర్‌కి వాటాదారులెవరూ లేరు. అమ్మ దానివైపు చూడను కూడా చూడదు. అయినా అది రోజూ పొద్దున్నే "నువ్వెవరు?" అని ఆయన్ని అడుగుతుంది. పార్కిన్సన్స్ వచ్చిన వేళ్లు పక్క కీ మీద పడతాయి. ఒకే కీ రెండుసార్లు పడితే పట్టించుకోని 'బౌన్స్ కీస్' ముందే పెట్టాను. కొంత నయం, అంతే. మూడోసారీ కుదరకపోతే ఆ రోజుకి పేపర్ చదవడం లేనట్టే.

ఉబుంటులో ఆటోమేటిక్ లాగిన్‌కి ఒక్క స్విచ్ చాలు. జీడీఎం అనే లాగిన్ ప్రోగ్రాం సెట్టింగుల ఫైల్లో రెండు లైన్లు మారతాయి: అడక్కుండా లోపలికి పంపు, ఫలానా పేరుతో పంపు. రీస్టార్ట్ చేస్తే నేరుగా డెస్క్‌టాప్ వచ్చింది. వెంటనే చిన్న పెట్టె ఒకటి లేచి మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది.

"ఒరే అబ్బయా, వాకిలి తీసేసి బీరువా తాళం అడగతా ఉందేందిరా?" అన్నారు నాయన.

సరిగ్గా అదే జరిగింది. లాగిన్ పాస్‌వర్డ్‌కి రెండు పనులు. మనిషిని గుర్తుపట్టడం ఒకటి. కీరింగ్, అంటే మిగతా పాస్‌వర్డ్‌లు దాచిన పెట్టె, దాన్ని తెరవడం రెండోది. మనం టైప్ చేసినప్పుడు 'పామ్' అదే పాస్‌వర్డ్‌ని కీరింగ్‌కి అందిస్తుంది. ఆటో లాగిన్‌లో ఎవరూ ఏమీ టైప్ చెయ్యరు. ఇక అందించడానికేముంది?

అందరూ చెప్పే చిట్కా, కీరింగ్ పాస్‌వర్డ్‌ని ఖాళీగా వదిలెయ్యమని. అప్పుడు దాచినవన్నీ డిస్క్ మీద మామూలు అక్షరాల్లో పడుంటాయి. నాయనకి ఈ సంగతి చెప్పి, చెయ్యమంటారా అని అడిగాను. "నా దగ్గర దాచేదేముంది" అంటారనుకున్నాను.

"చేతులు వణికితే బీరువా కూడా తెరిచి పెట్టాల్నా?" అన్నారు.

అందుకని కీరింగ్‌ని ముట్టుకోకుండా, దాని తలుపు తడుతున్నదెవరో చూశాను. మొదటిది వైఫై. ఆ కనెక్షన్‌ని యూజర్లందరికీ అందుబాటులో ఉంచితే పాస్‌వర్డ్ సిస్టం ఫైల్లోకి మారుతుంది. దాన్ని రూట్ తప్ప ఎవరూ చదవలేరు. రెండోది క్రోమ్. పేపర్ చదవడానికి ఫైర్‌ఫాక్స్ పెట్టాను, అది కీరింగ్ జోలికి పోదు. కాసేపు వదిలేస్తే పడే స్క్రీన్ లాక్ కూడా తీసేశాను. లేకపోతే మధ్యాహ్నం నిద్రలేచేసరికి మళ్లీ మొదటికొస్తుంది. మెషీన్ ఎవరైనా ఎత్తుకెళితే ఫైళ్లు చదవగలరు. కానీ డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చెయ్యలేదు కాబట్టి ఆ ప్రమాదం లాగిన్ పాస్‌వర్డ్ ఉన్నప్పుడూ ఉన్నదే.

పెద్దవాళ్లకి సులువు చేస్తున్నామంటూ మనం వాకిలితోపాటు బీరువా కూడా తెరిచేస్తాం. ఆ రెండూ వేరని లైనక్స్‌కి తెలుసు. మనమే ఒక్కోసారి మర్చిపోతాం. ఇప్పుడు నాయన మెయిల్ తెరిచినప్పుడు మాత్రమే ఆ పెట్టె లేస్తుంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొడతారు. ఆ కాసేపు అమ్మా నేనూ ఆ గదిలోకి వెళ్లం.