చింతపిక్కల పోకర్

పేకాట నేర్పమని అడిగిన కుర్రవాడికి పెద్దలు చెప్పే మొదటి మాట "వద్దు" అని. ఆ ఒక్క మాటతో ఆట మానేసినవాణ్ణి మా నూజివీడు ప్రాంతంలో నేను చూడలేదు. తోట కాపలావాడు కునుకు తీసే వేళను ఎల్లా కనిపెడతారో, ముక్కలు దొరికే చోటునూ అల్లాగే కనిపెడతారు. పైగా ఇప్పుడు ఆ చోటు జేబులోని ఫోనులోనే ఉంది. అంచేత ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు "మావయ్యా, పోకర్ నేర్చుకుంటాను" అంటే నేను కాదనలేదు. "నా ఎదురుగా నేర్చుకో, చింతపిక్కలతో" అన్నాను. "పద్యాలు చెప్పుకునేవాడివి, నీకిదేం పనిరా!" అని మా అక్కయ్య నొచ్చుకుంది. నీతికి లొంగని వయసు లెక్కకు లొంగుతుందేమోనని నా ఆశ.

ముందు చట్టం సంగతి. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అనీ, మూడుముక్కలాటలాగా ఉత్త అదృష్టం కాదనీ 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన రాష్ట్రం నుంచి వెళ్లిందే. దాన్ని వేదవాక్యంలా వల్లించేవాళ్లు అందులోని రెండో మాట మరిచిపోతారు: పందెపు ఆట మీద ఇంటివాడు లాభం తీస్తే నేరం కావచ్చునని. 2020లో మన రాష్ట్రం పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పా అదృష్టమా అన్న పేచీ లేకుండా, డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి ఫోనులో ఆడినా సరే, డబ్బు లేకుండానే నేర్చుకోవాలి.

ఆట చిన్నదే. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తరవాత ఒకటి, ఆఖరున ఇంకొకటి తెరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన అయిదు ఏరుకుంటే, ఎవరి కూర్పు పెద్దదైతే వారిదే పందెం. నాలుగు విడతలుగా పందెం సాగుతుంది. ఇష్టం లేకపోతే ముక్కలు దించేయవచ్చు.

ఈ దించేయడమే మొదటి పాఠం. నూటొకటి రమ్మీలో మొదటే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, కూచుని ఓడితే 80 దాకా. పోకర్లోనూ అంతే, ఆలస్యానికే ఖరీదు. రెండూ ఆసులే రావడం 221 పంపకాలకు ఒక్కసారి జరిగే పని. తక్కినప్పుడు ఓర్పు కావాలి. పైగా ఆఖరున మాట్లాడేవాడికి ముందువాళ్ల సంగతి తెలుస్తుంది కనక, ముందు మాట్లాడవలసినవాడు మరీ మంచి ముక్కలుంటేనే కదలాలి.

రెండోది లెక్క. మీ దగ్గరవీ బల్ల మీదవీ కలిపి నాలుగు ఇస్పేట్లున్నాయి, అయిదోది వస్తే గెలుపు మీదే, తెరవవలసింది ఒక్క ముక్కే అనుకోండి. కనపడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. అంటే సుమారు అయిదింట ఒక వంతు. బల్ల మీద 60 పిక్కలుండి, మీరు 20 వెయ్యాలంటే నాలుగింట ఒక వంతయినా అవకాశం ఉండాలి. లేదు కాబట్టి దించేయండి. అదే 100 పిక్కలుంటే ఆరింట ఒక వంతు చాలు. అప్పుడు వెయ్యండి.

మూడోది మా తోటలు నేర్పే పాఠం. ఇక్కడ పూత మీదనో పిందె మీదనో తోట గుత్తకు తీసుకుంటారు. పూతలో నూటికి ఒక వంతు కూడా కాయగా నిలవదు. మంచు, తేనెమంచు పురుగు, ఈదురుగాలి అన్నీ దాటితేనే చిన్నరసాలు బుట్ట కెక్కుతాయి. పూత మాడిపోయిందని తేలాక, ఆరితేరిన వ్యాపారి అడ్వాన్సు వదులుకుని లేచిపోతాడు. కొత్తవాడు "ఇంత పెట్టానే" అని మందులకూ కూలీలకూ మళ్లీ పోస్తాడు. బల్ల మీద వేసిన పిక్కలు మీవి కావు. ఇప్పుడు వెయ్యబోయేవి మాత్రమే మీవి.

ఇక కుర్రవాళ్లు తప్పక వెయ్యవలసిన లెక్క ఒకటుంది. ఆరుగురు నూరేసి పిక్కలతో కూచున్నారు. ఆట నడిపేవాడు ప్రతి ఆటకూ రెండు పిక్కలు తన వాటాగా తీస్తాడు. నూరు ఆటలయ్యేసరికి 600లో 200 అతని సంచీలో ఉంటాయి. అందరూ సమానంగా నేర్పరులైతే అందరూ ఓడినట్టే! ఇంట్లో ముక్కలు కలిపి పంచే వ్యవధిలో మనిషి ఊపిరి తీసుకుని "ఇక చాలు" అనుకోగలడు. ఫోను ఆ వ్యవధి ఇవ్వదు. నిషేధాన్ని తప్పించుకుని ఎక్కడో పరదేశం నుంచి నడిపేవాడి దగ్గర డబ్బు చిక్కితే అడిగే నాథుడూ ఉండడు.

అంచేత తల్లిదండ్రులకు నా సలహా ఒకటే. ఒక డబ్బా నిండా చింతపిక్కలు ఉంచండి. పిల్లలతో మీరూ కూచోండి. ఎవరు గెలిచినా ఎవరు ఓడినా, రాత్రి పడుకోబోయే ముందు లెక్కపెడితే ఆ పిక్కలన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి.