ఒక్కటే చెప్పాలట!

చీరల కొట్లో వంద చీరలు పరిపించి అందులోంచి ఒక్కటి ఎంచుకోవడం మనకేం కష్టం కాదు. మగవాళ్లు దాని మీద ఎన్ని హాస్యాలాడినా సరే, మనకేం కావాలో గడప దాటేటప్పుడే మనకి తెలుసు. అభిమాన నటుడి సినిమాల్లో ఒకే ఒక్కటి చెప్పమన్నప్పుడే వస్తుంది అసలు చిక్కు. నాగేశ్వరరావు సినిమాల్లో ఒక్కటే అంటే దేవదాసు అనాలా, మూగమనసులు అనాలా? ఏది చెప్పినా రెండోదానికి అన్యాయం చేసినట్టుంటుంది.

మా ఇంట్లో ఈమధ్య గ్రెగరీ పెక్ మీద అలాంటి పంచాయితీయే నడిచింది. ఆరడుగుల మూడంగుళాల మనిషి, నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు, ఒక కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉండే ముఖం. 1916లో కాలిఫోర్నియాలో పుట్టి 2003లో పోయాడు. మావారి ఓటు 'గన్స్ ఆఫ్ నవరోన్'కి. 1961 నాటి యుద్ధం సినిమా. కొండ ఎక్కుతారు, ఫిరంగులు పేల్చేస్తారు. మావారికి ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చాలంటేనే కళ్లు తిరుగుతాయి గానీ, సినిమాలో కొండలంటే మహా ఇష్టం.

మా మరిది 'మెకన్నాస్ గోల్డ్' అన్నాడు. ఆ 1969 సినిమా సొంత దేశంలో పెద్దగా ఆడలేదు గానీ మన దేశంలో మాత్రం విరగబడి చూశారు. మన కృష్ణ 1971లో తీసిన 'మోసగాళ్లకు మోసగాడు'లో ఆ నిధి వేట పోలికలున్నాయి కూడా. అందుకని మా మరిది దాన్ని సగం తెలుగు సినిమా కిందే లెక్కేస్తాడు. బంగారు కొండ, గుర్రాలు, చివర్లో భూకంపం... అంత దుమ్ములో పెక్ ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సిందే!

మా అమ్మాయి మాత్రం గట్టి ఓటే వేసింది. 'టు కిల్ ఎ మాకింగ్ బర్డ్'. హార్పర్ లీ నవల ఆధారంగా 1962లో తీశారు. అలబామాలో చిన్న ఊరు. భార్య పోయి ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న లాయరు, అన్యాయంగా నేరం మోపబడిన ఒక నల్లజాతి మనిషి తరఫున వాదిస్తాడు. పెక్ కి ఉత్తమ నటుడిగా ఆస్కారు తెచ్చిన వేషం అదే. లాయరైన తన తండ్రి జేబు గడియారాన్ని రచయిత్రి పెక్ కి కానుకగా ఇచ్చిందట. 2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్ స్టిట్యూట్ వాళ్లు వెండితెర నాయకులందరిలోనూ ఆ లాయరుకే మొదటి స్థానం ఇచ్చారు. ఆ తర్వాత కొద్దిరోజులకే పెక్ కన్నుమూశాడు.

ఇక దీనికి ఎదురు చెప్పేదేముంది? అయినా చెప్పాను. నా ఓటు 'రోమన్ హాలిడే'కి!

"ఓస్, ఆ ప్రేమకథా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. ప్రేమకథే, కాదన్నదెవరు? 1953లో విలియం వైలర్ రోము నగరంలోనే తీశాడు. రాచమర్యాదలతో విసిగిపోయిన రాకుమారి ఒకరాత్రి బయటికి పారిపోయి, నిద్రమందు మత్తులో వీధిలో పడి నిద్రపోతుంది. పెక్ ఓ పత్రికా విలేఖరి. ఇంటి అద్దె బాకీ. పాపం కదా అని గదికి తీసుకెళతాడు. ఆమె ఎవరో మర్నాడు పేపర్లో ఫొటో చూశాక తెలుస్తుంది. అప్పట్నుంచీ అతని బుద్ధి మారిపోతుంది. ఈ పిల్ల కథ అమ్మితే ఐదువేల డాలర్లు! ఎడిటరుతో ఐదువందలు పందెం కూడా కాస్తాడు. సిగరెట్ లైటర్లో కెమెరా దాచిన స్నేహితుణ్ణి వెంటేసుకుని, ఏమీ ఎరగనట్టు ఆమెకి ఊరంతా చూపిస్తాడు.

చూశారా తేడా? మా అమ్మాయి లాయరు మొదటి సీను నుంచీ మంచివాడే. ఈ విలేఖరి మొదట్లో మంచివాడేం కాదు. మనం చూస్తుండగా, ఒక్కరోజులో, తనకే తెలియకుండా మంచివాడవుతాడు. అబద్ధాలాడేవాళ్ల చెయ్యి కొరికేస్తుందని చెప్పుకునే రాతి ముఖం ఒకటుంది రోములో. దాని ముందు ఇద్దరూ నిలబడతారు, ఇద్దరూ అబద్ధాలాడుతున్నవాళ్లే! పెక్ చెయ్యి లోపల పెట్టి, తీసేసరికి చొక్కా చేతిలో అరచెయ్యి ఉండదు. ఆ చిలిపిపని ముందుగా ఆడ్రీ హెప్బర్న్ కి చెప్పలేదట. ఆ కేక నిజం కేకే.

రెండు సినిమాల్లోనూ పెక్ ఒక పెద్ద హాల్లోంచి ఒంటరిగా నడిచి వెళ్లే ఘట్టం ఉంది. మాకింగ్ బర్డ్ లో కేసు ఓడిపోయి, కాగితాలు సర్దుకుని తలవంచుకు వెళుతుంటాడు. మేడమీద కూర్చున్న నల్లజాతివాళ్లంతా గౌరవంగా లేచి నిలబడతారు. ఒళ్లు గగుర్పొడుస్తుంది, నిజమే. రోమన్ హాలిడేలో రాకుమారి విలేఖరుల సమావేశం ముగించి వెళ్లిపోతుంది. అందరూ వెళ్లిపోతారు. అతనొక్కడే మిగులుతాడు. కథ పత్రికకి ఇవ్వలేదు, ఐదువేలు పోయాయి, పందెం అప్పు జీతంలో వారానికి యాభై చొప్పున కోత. జేబుల్లో చేతులు పెట్టుకుని ఆ పొడుగాటి హాలంతా నడుస్తాడు. లేచి నిలబడడానికి ఒక్కరు లేరు. అతనేం వదులుకున్నాడో ఆ పిల్లకీ, ఆ స్నేహితుడికీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు, తెలియబోదు.

మా పెద్దత్తయ్య ఒకసారి మరిది పరీక్ష ఫీజుకని చేతి గాజులు తాకట్టు పెట్టింది. తోడుగా వెళ్లాను గనక నాకు తెలుసు. "గాజులేవే?" అని ఇంట్లో అడిగితే, "చేతులు వాచాయి, తీసేశాను" అంది. ఆ మరిది పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఇలాంటివి ఏ ఇంట్లో లేవు చెప్పండి? అందుకేనేమో, లాయరుగారికి దణ్ణం పెట్టగలను గానీ, ఆ విలేఖరి మాత్రం నాకు మనవాడిలా కనిపిస్తాడు.

తెర బయట కూడా కాస్త అలాంటివాడే పెక్. అప్పటికి అతను పెద్ద స్టారు, హెప్బర్న్ కొత్తపిల్ల. షూటింగు జరుగుతుండగానే, ఈ అమ్మాయికి ఆస్కారు వస్తుంది, తన పేరుతో సమానంగా ఆమె పేరూ వేయండని పట్టుబట్టాడు. అన్నట్టే ఆమెకి ఆస్కారు వచ్చింది. తన పక్కన ఇంకొకరికి చోటు ఇవ్వమని అడిగే హీరోలు మనకెంతమంది తెలుసు? పేర్లు అడక్కండి, నాకు గొడవలొద్దు.

ఇంకో విచిత్రం. ఈ కథ రాసిన డాల్టన్ ట్రంబో పేరు అప్పట్లో తెర మీద లేనే లేదు. కమ్యూనిస్టన్న ముద్రవేసి అతనికి ఎవరూ పని ఇవ్వని రోజులవి. స్నేహితుడు హంటర్ పేరుతో కథ బయటికొచ్చింది, ఆస్కారూ ఆ పేరుకే వచ్చింది. ట్రంబో 1976లో పోయాడు. 1993లో గానీ ఆ బహుమతి అతని భార్య చేతికి రాలేదు. చెయ్యాల్సింది చేసి ఊరుకున్న మనిషి కథని, పేరు చెప్పుకోలేని మనిషే రాశాడన్నమాట.

మా అమ్మాయి ఇంకా వాదిస్తూనే ఉంది, వాదించనీయండి. మీరు ఈ సినిమా చూడకపోతే చూడండి. రాకుమారి లోపలికి వెళ్లిపోగానే, అయిపోయింది కదా అని కాఫీ పెట్టడానికి లేవకండి. ఇంకా ఆ నడక ఉంది. గుమ్మం దాకా వెళ్లి ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు కూడా.